ఏపీ ఇంగ్లిష్ లిటరేచర్ తరగతి: మన తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అమెరికాలో ఒక పబ్లిక్ హైస్కూల్లో ఏపీ ఇంగ్లిష్ లిటరేచర్ అండ్ కాంపొజిషన్ చెబుతున్నాను. ఆగస్టులో స్కూలు తెరిచే ముందు ఒకసారి, అక్టోబరులో మొదటి గ్రేడ్లు ఇంటికి వెళ్ళాక ఇంకోసారి, తెలుగు తల్లిదండ్రుల నుంచి ఫోన్లు వస్తాయి. ప్రశ్నలు ఇంచుమించు అవే. ఎవరికి ఎంతవరకు చెప్పానో గుర్తుండక అన్నీ ఒకచోట రాస్తున్నాను. పరీక్ష నియమాలు దేశమంతా ఒకటే. హోంవర్క్, గ్రేడ్ల లెక్క మాత్రం మా తరగతివి. మీ స్కూల్లో వేరుగా ఉండొచ్చు కాబట్టి టీచర్ ఇచ్చిన సిలబస్ ఒకసారి చూసుకోండి.

మామూలు ఇంగ్లిష్ క్లాసుకీ దీనికీ తేడా ఏమిటి?

ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కాలేజీ మొదటి ఏడాది స్థాయి కోర్సు చదివే ఏర్పాటు ఇది. 1950ల మధ్యలో మొదలైంది. నడిపేది కాలేజ్ బోర్డ్, అంటే ఎస్ఏటీ అనే కాలేజీ ప్రవేశ పరీక్ష పెట్టేవాళ్ళే. లిటరేచర్ కోర్సులో 9 యూనిట్లు ఉంటాయి. చిన్న కథలు, కవిత్వం, నవల లేదా నాటకం, ఈ మూడూ మూడేసి సార్లు తిరిగి వస్తాయి. వచ్చిన ప్రతిసారీ ఇంకాస్త లోతుకు వెళతాం.

అసలు తేడా వేరే చోట ఉంది. మనం స్కూల్లో తెలుగు పద్యాలకు ప్రతిపదార్థం, తాత్పర్యం రాసేవాళ్ళం. తాత్పర్యం సరిగ్గా రాస్తే మార్కులు పడేవి, మన పని అక్కడితో అయిపోయేది. ఈ తరగతిలో పని తాత్పర్యం దగ్గర మొదలవుతుంది. పద్యం ఏం చెబుతోందో అందరికీ అర్థమయ్యాక, కవి ఈ మాటే ఎందుకు వాడాడు, ఈ పాదాన్ని ఇక్కడే ఎందుకు విరిచాడు, మూడు చరణాలు ప్రశాంతంగా సాగిన గొంతు నాలుగో దాంట్లో ఎందుకు మారింది అని అడుగుతాం. కథ తెలిసినంత మాత్రాన గట్టెక్కే క్లాసు కాదిది.

ఏపీ లాంగ్వేజ్, ఏపీ లిటరేచర్ ఒకటేనా?

కాదు. లాంగ్వేజ్‌లో ప్రసంగాలు, వ్యాసాలు, ఉత్తరాల వంటి కల్పన లేని రచనలు చదువుతారు. రాసినవాళ్ళు ఎదుటివాళ్ళను ఎలా ఒప్పిస్తున్నారో చూస్తారు. లిటరేచర్‌లో కథలు, కవితలు, నవలలు, నాటకాలు ఉంటాయి. చాలా స్కూళ్ళలో లాంగ్వేజ్ 11లో, లిటరేచర్ 12లో చదువుతారు కానీ ఆ వరుసలోనే తీసుకోవాలని కాలేజ్ బోర్డ్ నియమమేమీ లేదు.

మా వాడు ఈ క్లాసుకు సరిపోతాడో లేదో ఎలా తెలుస్తుంది?

కాలేజ్ బోర్డ్ వైపు నుంచి ముందస్తు అర్హత అంటూ ఏదీ లేదు. కొన్ని స్కూళ్ళు కింది ఏడాది గ్రేడో, టీచర్ సిఫారసో అడుగుతాయి. నన్నడిగితే, గ్రేడు కంటే ముందు ఒక విషయం చూడండి. అర్థం కాని పేజీ ఎదురైతే పిల్లవాడు ఏం చేస్తాడు? మళ్ళీ మొదటి నుంచి చదువుతాడా, పుస్తకం మూసి ఫోన్ తీస్తాడా? మళ్ళీ చదివే పిల్లలు పదసంపద తక్కువైనా డిసెంబరుకల్లా పుంజుకుంటారు. గుర్తుపెట్టుకునే శక్తి ఒక్కదాని మీదే ఇంతదాకా వచ్చిన పిల్లలకు మొదట్లో కష్టంగా ఉంటుంది. అందులో వాళ్ళ తప్పేం లేదు. ఇప్పటిదాకా ఎవరూ వాళ్ళను వేరేది అడగలేదు, అంతే.

ఇంజనీరింగ్ చదవబోయే పిల్లకు ఇదంతా ఎందుకండీ?

ఈ ప్రశ్న నాకు ఎక్కువసార్లు వచ్చేది తెలుగువాళ్ళ నుంచే. అడగడంలో తప్పు లేదు. 12లో ఖాళీ పీరియడ్లు తక్కువ, పైగా ఇంకో సైన్స్ ఏపీ తీసుకునే అవకాశం పక్కనే ఉంటుంది.

నా జవాబు ఇది. ఒక్కటే సరైన జవాబు లేని ప్రశ్నను ఎదుర్కొని, తనకు తోచినదాన్ని ఆధారాలతో నిలబెట్టడం ఈ క్లాసులో రోజూ చేసే పని. ఇద్దరు పిల్లలు ఒకే కవిత మీద పూర్తిగా వేరువేరు మాటలు రాసి ఇద్దరూ మంచి మార్కులు తెచ్చుకోవచ్చు. అయితే మనసుకు తోచిందల్లా రాసేస్తే కుదరదు. ప్రతి మాటకూ పేజీలోంచి రుజువు చూపించాలి. ఏ వృత్తిలోకి వెళ్ళినా ఈ అలవాటు పనికొస్తుంది. ఇంకోటి కూడా చెప్పాలి. 17 ఏళ్ళ వయసులో మనుషులు ఎందుకలా ప్రవర్తిస్తారన్న ప్రశ్న పిల్లలను చాలా వేధిస్తుంది. దాని గురించి గంటసేపు గట్టిగా మాట్లాడుకునే చోటు వాళ్ళ టైమ్‌టేబుల్లో ఇదొక్కటే.

విశ్లేషణ లేదని మార్కులు తీసేశారట. విశ్లేషణ అంటే అసలు ఏమిటి?

ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కాస్త ఓపికగా చదవండి. మిగతా సందేహాల్లో సగం దీనితోనే తీరతాయి.

మొదటి వారంలో బోర్డు మీద మూడు వాక్యాలు రాస్తాను. ఏ పుస్తకంలోవీ కావు, నేను కూర్చినవే. తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటాయి: "ఆమె ఉత్తరం చదివింది. మడిచి సొరుగులో పెట్టింది. రాత్రి అందరూ పడుకున్నాక సొరుగు తెరిచి, ఉత్తరం తీసి, చదవకుండానే ఇంకో మడత పెట్టింది."

దీని మీద నాలుగు వాక్యాలు రాయమంటాను. ఎక్కువమంది రాసేది ఇలా ఉంటుంది: "ఆమె బాధలో ఉంది. రచయిత ఆమె భావాలను చాలా చక్కగా చూపించారు." ఇది తాత్పర్యం, దాని మీద ఒక మెచ్చుకోలు. కాస్త చదివిన పిల్లలు, "రచయిత చిన్న వాక్యాలు వాడి, ఉత్తరాన్ని ప్రతీకగా చేసి, ఉత్కంఠ కలిగించారు" అని రాస్తారు. పేర్లు వచ్చాయి కానీ పని జరగలేదు. ఉత్తరం దేనికి ప్రతీక? చిన్న వాక్యాలైతే ఉత్కంఠ ఎందుకు పుడుతుంది? మార్జిన్‌లో నేను రాసేది ఒకటే మాట: "అయితే?"

ఆ "అయితే?" పట్టుకుని కూర్చున్న పిల్లవాడు ఒకడు రెండోసారి ఇలా రాశాడు: "ఉత్తరంలో ఏముందో మనకు చెప్పలేదు. ఆమె కూడా రెండోసారి చదవలేదు, ఎందుకంటే అందులోని ప్రతి మాటా ఆమెకు గుర్తుంది. ఇంకో మడత పెడితే కాగితం చిన్నదవుతుంది. విషయాన్ని చిన్నది చేయలేక కాగితాన్ని చిన్నది చేస్తోంది. మొదటి రెండు పనులు రెండు పొట్టి వాక్యాల్లో అయిపోయాయి. మూడో వాక్యం సాగుతూనే ఉంది, ఆమె రాత్రి లాగే."

విశ్లేషణ అంటే ఇదే. ఇందులో పెద్ద పదం ఒక్కటీ లేదు. మన అలంకారశాస్త్రం వాచ్యార్థం వేరు, వ్యంగ్యార్థం వేరు అని ఎప్పుడో చెప్పింది. చెప్పిన మాటలోంచి చెప్పని మాట ఎలా పలికిందో చూపించడమే పిల్లలను మేం అడిగేది. మీరు తెలుగు సాహిత్యం ఇష్టపడేవాళ్ళయితే, మీకు నచ్చిన పద్యం ఒకటి తీసి అది ఎందుకు నచ్చిందో ఇంట్లో చెప్పి చూడండి. నేను నాలుగు పీరియడ్లలో చెప్పేది మీరు పది నిమిషాల్లో చెప్పినట్టవుతుంది.

ఎస్సేకి 6 మార్కులేనా? ఎలా వేస్తారు?

అవును, ప్రతి ఎస్సేకీ 6 పాయింట్లు. థీసిస్‌కి 1, ఆధారాలూ వ్యాఖ్యానమూ కలిపి 4, ఆలోచనలోని లోతుకు 1. థీసిస్ అంటే ఎవరైనా కాదనడానికి వీలుండే ఒక స్పష్టమైన వాదన. ప్రశ్నలోని మాటలనే తిప్పి రాస్తే ఆ పాయింటు రాదు. చివరి పాయింటు చాలా తక్కువమందికి వస్తుంది, దాని కోసం టెన్షన్ పడొద్దు. పోరాటమంతా నడిమి నాలుగు పాయింట్ల దగ్గరే. రచనలోని వాక్యాలు బాగా ఎత్తి చూపించి వాటి మీద వ్యాఖ్యానం తక్కువ రాసిన పిల్లలు 2 దగ్గర ఆగిపోతారు. ఒక్కొక్క ఆధారం వాదనను ఎలా నిలబెడుతోందో వివరిస్తూ పోతే 3, 4కి చేరతారు.

చిన్న చిన్న వ్యాకరణ తప్పులకు పాయింట్లు తగ్గించరు. తప్పుల వల్ల చెప్పే విషయమే అర్థం కాకుండా పోతే మాత్రం ఆ నాలుగో పాయింటు ఇవ్వరు.

ఎప్పుడూ ఏ తెచ్చుకునే పిల్లకు మొదటి ఎస్సేలో బీ మైనస్ వచ్చింది. రాత్రంతా ఏడ్చింది.

ఆ రోజు నాకూ బరువుగానే ఉంటుంది. కాగితాలు తిరిగి ఇస్తున్నప్పుడు కొందరు మార్కు చూడగానే కాగితాన్ని బోర్లా తిప్పి బ్యాగులో పెట్టేస్తారు. నేను రాసిన వ్యాఖ్యలు కూడా చదవరు. ఆ పిల్లలు ఎవరో నేను గుర్తుపెట్టుకుంటాను.

అసలు ఏం జరుగుతుందో చెబుతాను. ఎనిమిదో తరగతి నుంచి పిల్లలకు ఐదు పేరాల ఎస్సే నేర్పిస్తారు. పరిచయం, మూడు కారణాలు, ముగింపు. అది రాసినందుకు నాలుగేళ్ళు ఏ వచ్చింది. ఇక్కడ ఆ చట్రం సరిపోదు. మూడు కారణాలు పక్కపక్కన పేర్చినంత మాత్రాన వాదన ముందుకు కదలదు. అంటే పిల్లకు రానిదేదో బయటపడిందని కాదు. ఇప్పటిదాకా పనికొచ్చిన పద్ధతి ఇక్కడ అయిపోయిందన్నమాట. కొత్త పద్ధతి చేతికి రావడానికి రెండు, మూడు నెలలు పడుతుంది.

కిందటేడాది ఒకమ్మాయి లంచ్ టైమ్‌లో కాగితం పట్టుకుని వచ్చింది. "నాకిది రాదు మేడమ్, మామూలు క్లాసుకి మారిపోతాను" అంది. సరేనని, కవితలో తనకు నచ్చని పాదం ఏదో చెప్పమన్నాను. నచ్చింది చెప్పమంటే నేను వినాలనుకుంటున్నదే చెబుతుందని అలా అడిగాను. ఒక పాదం చూపించి, "ఇక్కడ వాళ్ళ నాన్న గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ హఠాత్తుగా వాతావరణం గురించి మాట్లాడతాడు, తప్పించుకుంటున్నాడు" అంది. అలా పది నిమిషాలు మాట్లాడింది. తను అంటున్నది నేను రాసుకుంటూ పోయాను. కాగితం తన వైపు తిప్పితే చదివి, "ఇది నేనన్నదేనా?" అంది. ఎస్సేలో లేనిదంతా తన నోట్లో ఉంది. రాసేటప్పుడు ఎస్సే భాష కోసం వెతుక్కుంటూ తన ఆలోచనను వదిలేస్తోంది. క్లాసు మారలేదు.

మా తరగతిలో సెమిస్టర్‌కి రెండు ఎస్సేలను తిరగరాసుకోవచ్చు. ఒకటే షరతు, ముందు నన్ను కలిసి పది నిమిషాలు మాట్లాడాలి. 6కి 4 వస్తే దాన్ని నేను 67 శాతంగా లెక్కగట్టను, అది నా గ్రేడ్‌బుక్‌లో బీ. సెప్టెంబరులో 3 వస్తే అది సరైన మొదలు. ఇంట్లో మీరు చేయగలిగింది ఒకటుంది. మార్కు ఎంత అని అడిగే ముందు టీచర్ ఏం రాశారని అడగండి.

వారానికి ఎంత పని ఉంటుంది?

నాలుగైదు గంటలు. నవల నడుస్తున్నప్పుడు రాత్రికి 20 నుంచి 30 పేజీలు, కవిత్వం నడుస్తున్నప్పుడు ఒకే కవితను మూడుసార్లు చదవడం. రెండు వారాలకు ఒకసారి క్లాసులోనే 40 నిమిషాల ఎస్సే రాస్తారు. నెమ్మదిగా చదివే పిల్లలకు ఇంకో గంట పట్టొచ్చు. ఆరు ఏపీలతో పాటు రోబోటిక్స్, డిబేట్, వాలంటీరింగ్ పెట్టుకున్న పిల్లలు పుస్తకాన్ని రాత్రి 12 తర్వాతే తెరుస్తారు. ఆ సమయంలో చదివిన పేజీలు కళ్ళ ముందు నుంచి జారిపోతాయి. ఫోన్ వేరే గదిలో పెట్టి 45 నిమిషాలు చదివితే అంతకు రెట్టింపు పని అవుతుంది.

ఏ పుస్తకాలు చదవాలి? కొన్నింట్లో పిల్లలకు తగని విషయాలున్నాయని విన్నాం.

ఫలానావే చదవాలని కాలేజ్ బోర్డ్ జాబితా ఇవ్వదు. టీచర్, స్కూలు, స్కూల్ డిస్ట్రిక్ట్ కలిసి ఎంచుకుంటారు. మేం ఏడాదికి రెండు నవలలు, రెండు నాటకాలు, పది పన్నెండు చిన్న కథలు, వారానికో కవిత చదువుతాం. నాటకాల్లో ఒకటి షేక్‌స్పియర్‌ది. కొన్ని వందల ఏళ్ళ కిందటి రచనలు ఉంటాయి, నిన్నమొన్నటివి కూడా ఉంటాయి. అనువాదాలు కూడా చదివిస్తాం.

తగని విషయాల సంగతి దాచకుండా చెబుతాను. బానిసత్వం, యుద్ధం, ఇంట్లో జరిగే హింస, ఆత్మహత్య, మతం మీద సందేహం వీటిలో కొన్నయినా పుస్తకాల్లో వస్తాయి. పెద్ద సాహిత్యం వాటిని పక్కకు నెట్టి నడవలేదు. ఏ పుస్తకంలో ఏముందో ఏడాది మొదట్లోనే ఇంటికి రాసి పంపుతాను. ఇంట్లో ఇటీవల ఏదైనా దుఃఖం జరిగి, ఫలానా పుస్తకం ఇప్పుడు చదివే స్థితిలో పిల్ల లేదనిపిస్తే నాకు ఒక్క మాట చెప్పండి. కారణం వివరంగా చెప్పక్కర్లేదు, ఇంకో పుస్తకం ఇస్తాను.

ఇంటర్నెట్‌లో సారాంశం చదివితే సరిపోదా? సినిమా చూస్తే?

పుస్తకం చదివిన తర్వాత సారాంశం చూస్తే నాకు అభ్యంతరం లేదు. దారి తప్పిన చోట సరిచూసుకోవడానికి పనికొస్తుంది. పుస్తకానికి బదులు చదివితే మాత్రం తాత్పర్యం ఒక్కటే చేతికొస్తుంది, మనకు మార్కులు తెచ్చే మాటలు పుస్తకంలోనే ఉండిపోతాయి. సినిమాలో ఇంకో చిక్కుంది. నవలలో కథ ఎవరు చెబుతున్నారన్నది ముఖ్యం, కెమెరా ఆ గొంతును చాలాసార్లు తీసేస్తుంది.

చాట్‌జీపీటీ వాడొచ్చా?

ఎస్సే రాయించుకోవడానికి వాడకూడదు. ఇది మా స్కూలు నియమం కూడా. మొదటిసారి పట్టుబడితే సున్నా, కౌన్సిలర్‌తో మీటింగు.

నియమం పక్కన పెట్టి మాట్లాడతాను. ఒకబ్బాయి ఇంటి నుంచి రాసి తెచ్చిన ఎస్సే చాలా నున్నగా ఉంది. పిలిచి కూర్చోబెట్టి, రెండో పేరాలోని ఒక మాట చూపించి, ఇక్కడ ఏం చెప్పాలనుకున్నావు నాన్నా అని అడిగాను. తల దించుకున్నాడు. సోమరి కాదు, మంచి పిల్లవాడు. తన రాత బాగుండదని భయపడ్డాడు. ఆ భయం నాకు అర్థమైంది. కానీ ఆ వారం అతనికి ఏం అర్థం కాలేదో తెలుసుకునే అవకాశం నాకు పోయింది. పిల్లలు తప్పుగా రాసిన పేరా చూస్తేనే నేను నేర్పగలను. మే నెలలో పరీక్ష గదిలో వాళ్ళ పక్కన ఎవరూ ఉండరు. అందుకే మా తరగతిలో సగానికి పైగా రాత క్లాసులోనే కాగితం మీద జరుగుతుంది.

మేం ఎస్సే దిద్దవచ్చా? ట్యూషన్ పెట్టించమంటారా?

దిద్దకండి, వినండి. పిల్లను గట్టిగా చదవమనండి, మీకు అర్థం కాని చోట ఆపి అర్థం కాలేదని చెప్పండి. మీకు ఇంగ్లిష్ సాహిత్యంతో పరిచయం లేకపోతే మరీ మంచిది, ఎందుకంటే మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే పిల్ల అన్నీ విడమరచాలి. పెద్దవాళ్ళు దిద్దిన ఎస్సేల్లో వాక్యాలు బాగుపడతాయి, ఆలోచన మాత్రం 45 ఏళ్ళవాళ్ళది అయిపోతుంది. నాకది రెండో పేరాకే తెలిసిపోతుంది.

ట్యూషన్ తప్పనిసరి కాదు. పాత పరీక్షల ఎస్సే ప్రశ్నలు, పిల్లలు రాసిన నమూనా జవాబులు, వాటికి ఎన్ని పాయింట్లు ఎందుకు వేశారో వివరణ, అన్నీ కాలేజ్ బోర్డ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉన్నాయి. 3 వచ్చిన జవాబూ 5 వచ్చిన జవాబూ పక్కపక్కన పెట్టి తేడా కనుక్కోమనండి. ఇంతకు మించిన ట్యూషన్ నాకు తెలియదు.

మా అమ్మాయి క్లాసులో నోరు మెదపదు. గ్రేడు తగ్గుతుందా?

చర్చకు మార్కులున్నాయి కానీ ఎక్కువ మాట్లాడినవాళ్ళకే ఎక్కువ అని లేదు. పక్కవాళ్ళు అన్నదాన్ని విని, పేజీ నంబరు చెప్పి ఒక్క వాక్యం కలిపినా చాలు. చర్చ ముందు రోజు రెండు ప్రశ్నలు రాసుకురమ్మంటాను, మొదటి నెల వాటిని చదివినా సరిపోతుంది. పెద్దవాళ్ళ మాటకు అడ్డు చెప్పకూడదని పెంచిన ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలకు, టీచర్ అన్నదాన్ని కాదనడం మొదట్లో అమర్యాదగా అనిపిస్తుంది. ఇక్కడ ఆధారం చూపించి కాదనడం అమర్యాద కాదు, అది చదువులో భాగమని ఇంట్లో మీరూ చెప్పండి. నా మాట ఒకటే వంద మాటల పెట్టు కాదు కదా, మీ మాట కూడా కావాలి.

ఇండియా నుంచి వచ్చి రెండేళ్ళే అయింది. నెగ్గుకొస్తాడా?

నెగ్గుకొచ్చినవాళ్ళను చూశాను. రెండు భాషల్లో ఆలోచించే పిల్లలు ఒక మాటకు ఇంకో మాట ఎందుకు సరిపోదో తొందరగా గమనిస్తారు, కవిత్వం చదవడానికి అది చాలా పెద్ద బలం. ఇబ్బంది రెండు చోట్ల వస్తుంది. ఒకటి వేగం. రెండోది, బైబిల్ కథలు, గ్రీకు పురాణాల ప్రస్తావనలు. మనకు అహల్య పేరు వింటే చాలు కథంతా ఎలా మెదులుతుందో, ఇక్కడి కవులు ఈడెన్ తోట అంటే అంతా మెదులుతుందని అనుకుని రాస్తారు. పదిహేను, ఇరవై కథలు తెలిస్తే చాలావరకు సరిపోతుంది. నా దగ్గర ఒక చిన్న జాబితా ఉంది, అడిగితే ఇస్తాను.

మే నెలలో పరీక్ష ఎలా ఉంటుంది?

మొత్తం 3 గంటలు. మొదటి గంటలో 55 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, స్కోరులో వీటి వాటా 45 శాతం. తప్పు జవాబుకు మార్కులు తీసేయరు, కాబట్టి ఏదీ ఖాళీగా వదలకూడదు. మిగిలిన 2 గంటల్లో 3 ఎస్సేలు రాయాలి, వీటి వాటా 55 శాతం. ఒకటి ఇచ్చిన కవిత మీద, ఒకటి కథలోంచో నవలలోంచో ఇచ్చిన భాగం మీద. మూడోది సాహిత్య వాదన. దీనికి పేజీలో ఏమీ ఇవ్వరు. ఒక అంశం ఇచ్చి, తాము చదివిన నవలలోనో నాటకంలోనో అది ఎలా పనిచేసిందో రాయమంటారు. కింద కొన్ని పుస్తకాల పేర్లుంటాయి కానీ వాటిలోంచే ఎంచుకోవాలని లేదు. పుస్తకం దగ్గర ఉండదు, జ్ఞాపకం మీదే రాయాలి. వాక్యాలకు వాక్యాలు బట్టీ పట్టక్కర్లేదు, సన్నివేశాలు బాగా గుర్తుంటే చాలు. ఏడాది పొడవునా చదివినవాటిలో నాలుగింటిని గట్టిగా పట్టుకోమని చెబుతాను.

2025 నుంచి పరీక్ష అంతా కంప్యూటర్ మీద, కాలేజ్ బోర్డ్ వాళ్ళ బ్లూబుక్ యాప్‌లో జరుగుతోంది. కవిత మీద హైలైట్ చేసుకోవచ్చు, నోట్ పెట్టుకోవచ్చు. అది ఒకటి రెండుసార్లు ముందే అలవాటు చేసుకోవాలి. ఎస్సేలు దిద్దేది జూన్‌లో హైస్కూల్ టీచర్లు, కాలేజీ ప్రొఫెసర్లు. స్కోర్లు జూలైలో వస్తాయి.

పరీక్ష రాయకపోతే? కాలేజీ క్రెడిట్ తప్పకుండా వస్తుందా?

స్కోరు 1 నుంచి 5 దాకా ఉంటుంది. కొన్ని కాలేజీలు 3కి, కొన్ని 4కి, కొన్ని 5కి మాత్రమే క్రెడిట్ ఇస్తాయి, అంటే కాలేజీలో ఆ కోర్సు చదివినట్టే లెక్కేస్తాయి. కొన్ని అసలు ఇవ్వవు. లాంగ్వేజ్, లిటరేచర్ రెండూ రాసినా ఒక్క కోర్సుకే క్రెడిట్ ఇచ్చే కాలేజీలున్నాయి. కాలేజ్ బోర్డ్ సైట్‌లో కాలేజీ పేరు కొట్టి చూసుకోవచ్చు.

12వ తరగతి పిల్లల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. స్కోరు వచ్చేసరికి అడ్మిషన్లు అయిపోయి ఉంటాయి. అడ్మిషన్ ఆఫీసు చూసేది ఈ క్లాసు తీసుకున్నారా, అందులో గ్రేడు ఎంత అన్నవే. పరీక్ష స్కోరు ఉపయోగం క్రెడిట్ వరకే. రిజిస్ట్రేషన్ నవంబరు మధ్యకల్లా ముగుస్తుంది, స్కూళ్ళు ఇంకా ముందే గడువు పెడతాయి. ఫీజు సుమారు 100 డాలర్లు, ఆదాయం తక్కువున్న కుటుంబాలకు తగ్గింపు ఉంది. మొహమాటపడకుండా కౌన్సిలర్‌ను అడగండి.

మధ్యలో క్లాసు మారొచ్చా?

మా స్కూల్లో మొదటి మూడు వారాలు. ఆ తర్వాత మారితే మార్కుల పట్టికలో కనిపిస్తుంది. మారే ముందు ఒకసారి ముగ్గురం కూర్చుందాం. పిల్లకు నిద్ర లేక, తిండి సహించక, ఆదివారం రాత్రయ్యేసరికి కడుపునొప్పి వస్తోందంటే మారడమే మంచిది, నేనే సంతకం పెడతాను. ఒక్క ఎస్సేలో మార్కు తగ్గిందని మాత్రం మార్చకండి.

వేసవిలో ఏం చేయాలి? మొదటి రోజు ఏం తేవాలి?

వేసవిలో ఒక్క నవల, తనకు నచ్చిందే, చివరి పేజీ దాకా చదివితే చాలు. మొదటి రోజుకు రూళ్ళ నోట్‌బుక్ ఒకటి, పెన్సిళ్ళు, పుస్తకం. సొంత కాపీ అయితే మార్జిన్లలో పెన్సిల్‌తో రాసుకోవచ్చు. పాత కాపీ కొన్నా ఫరవాలేదు, ఎడిషన్ ఏదైనా ఒకటే. స్కూలు కాపీ అయితే స్టిక్కీ నోట్స్ తేవాలి. కొనడం కష్టమైతే నాకు ఒక ఈమెయిల్ పెట్టండి. నా గది వెనక బీరువాలో పుస్తకాలున్నాయి, క్లాసు మొదలయ్యే ముందే వచ్చి తీసుకెళ్ళొచ్చు.